సప్పుడు చెయ్యని అక్షరాలు

ముందుగా నా గొంతు సంగతి చెప్పాలి. నేను చేసిన తప్పంతా ఆ గొంతు చుట్టూనే తిరిగింది.

కోరుట్లలో పనిచేసే రోజుల్లో మూడో తరగతికి నేను ఎక్కాలు చెప్పిస్తే రోడ్డు అవతలి కిరాణా కొట్టు దాకా వినబడేది. మా బడి ఆవరణలోనే ఉర్దూ మీడియం సెక్షన్ ఉండేది. అక్కడి పంతులు నాకంటే వయసులో పెద్దాయన, మెత్తని మనిషి. ఒకరోజు భోజనాల వేళ నా దగ్గరికి వచ్చి, "సార్, ఏమనుకోకుండ్రి. మా పోరగాండ్లను పదమూడో ఎక్కం ఉర్దూల అడిగితే తెలుగుల చెప్తున్నరు. మీరు జర మెల్లగ చెప్తే మా ఎక్కాలు మాకుంటయి" అన్నాడు. ఆయన మొర పెట్టుకుంటే నేను దాన్ని పొగడ్త కింద జమకట్టుకుని ఇంటికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను. గట్టిగా చెప్పేవాడే మంచి పంతులు, గట్టిగా చదివేవాడే మంచి పిల్లవాడు అన్నది ముప్పై ఏళ్లకు పైగా నా లెక్క.

ఇప్పుడు రిటైరై జగిత్యాలలో ఉంటున్నాను. మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఆదివారం పూట వచ్చి కూర్చుంటారు. చిన్న పిల్లలకు ఇంగ్లిషు చదవడం ఎట్లా నేర్పాలి సార్ అని అడుగుతుంటారు. మీకు ఫోనులో బోలెడు వీడియోలు ఉన్నాయి, నన్నెందుకు అడుగుతారు అంటే నవ్వుతారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతిని ఇక్కడ మొత్తం రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు. గొప్ప పని చేసిన వాళ్లు వేరే ఉన్నారు.

మన తెలుగులో పిల్లవాడికి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే ఇక వాడిని ఆపేవాడు లేడు. రాసిందే చదువుతాడు. ఇంగ్లిషు అట్లా కాదు. మోకాలికి ముందు ఒక 'కె' ఉంటుంది, పలకదు. బొటనవేలి చివర ఒక 'బి' ఉంటుంది, పలకదు. నడకలో 'ఎల్' ఉంటుంది, అదీ పలకదు. కోరుట్లలో ఒక పిల్ల లేచి, "పలుకనప్పుడు ఎందుకు రాసుడు సార్?" అని అడిగింది. కూర్చో అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? నేను చదివింది తెలుగు మీడియంలో. ఇంగ్లిషుతో నాకున్న చుట్టరికం దూరపుది.

ఆ చుట్టరికం ఎంత దూరమో ఒకసారి ట్రైనింగులో బయటపడింది. తలా ఒక పేరా చదవమన్నారు. నా వంతుకు కత్తి అనే మాట వచ్చింది. నేను నా గొంతంతా పెట్టి "స్వార్డ్" అని చదివాను. గదిలో నవ్వులు. పక్కనున్న పాతికేళ్ల టీచరమ్మ నెమ్మదిగా, "సోర్డ్ సార్, డబ్ల్యూ పలుకది" అని సరిదిద్దింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. నాకు జరిగిన నగుబాటు నా పిల్లలకు జరగనివ్వను అని ఒట్టు పెట్టుకున్నాను. చూడండి, ఉద్దేశం మంచిదే.

కోరుట్ల నుంచి వెళ్లిపోయే ముందు ఉర్దూ పంతులును, మీ భాషలో ఈ తంటా లేదా అని అడిగాను. "ఉన్నది సార్. కలను ఖ్వాబ్ అని రాస్తం, ఖాబ్ అని చదువుతం. నడుమ వావ్ అనే అక్షరం ఊకెనే కూసుంటది" అన్నాడు. మరి పిల్లలు తప్పు చదివితే ఏం చేస్తారని అడిగాను. "ఏం చెయ్య. నేను రెండుసార్లు చదువుత, వాళ్లు ఇంటరు. మూడోసారి వాళ్లే సర్దుకుంటరు. అక్షరమే ఊకున్నప్పుడు మనం ఒర్రుడు ఎందుకు సార్?" అన్నాడు. ఒర్రుడంటే మా దిక్కు అరవడం. నేను పెద్దగా నవ్వి ఆయన భుజం తట్టి వచ్చేశాను. ఆ మాట నాకు సిరిసిల్ల వెళ్లాక గాని ఎక్కలేదు.

జిల్లాలు వేరుపడ్డాక నా పేరు సిరిసిల్ల వైపు పడింది. సోమవారం తెల్లవారుజామున జగిత్యాలలో బస్సెక్కి కొండగట్టు, వేములవాడ దాటి బడి వేళకు చేరుకునేవాణ్ని. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ని. నన్ను వేసిన బడి నేత కార్మికుల వాడలో ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. బడి గోడకు అటువైపు రెండు షెడ్లు, ఎదురుగా మరో షెడ్డు. పొద్దున మొదలైతే ఆ సాంచాల మోత ఆగదు. కొత్తవాళ్లకు మొదటి రోజు తలనొప్పి వస్తుంది, పదో రోజుకు మోత వినబడడం మానేస్తుంది. నా గొంతుకు మాత్రం సర్వీసులో మొదటిసారి పోటీ దొరికింది. తగ్గుతానా? ఇంకాస్త పెంచాను.

అప్పటికి సర్కారు బళ్లలోకి ఇంగ్లిషు మీడియం వచ్చేసింది. మా బడికి పెద్ద మేడం నాకంటే పదిహేనేళ్లు చిన్నది. మాటకు ముందు 'సార్' అని గౌరవం ఇచ్చేది గాని, నా అరుపులు వినలేక తన గది తలుపు దగ్గరగా వేసుకునేది. మూడో తరగతి పూర్తిగా నా చేతికిచ్చింది.

నేను పాత పెండ్లి పత్రికలు సేకరించి, వాటి వెనక తెల్లటి వైపు మాటలు రాసి కార్డులు చేసుకున్నాను. పలకని అక్షరం ఎర్ర స్కెచ్ పెన్నుతో, మిగతావి నల్లతో. ఎర్ర అక్షరం రాగానే పిల్లలు మూతి మీద వేలు పెట్టాలి. ఇక్కడి దాకా బాగానే ఉంది. రెండో వారం అన్నీ నల్లగానే రాసిన కార్డులు తీశాను. పలకని అక్షరాన్ని పలికినవాళ్లు ఆ కార్డు పట్టుకుని గంట కొట్టేదాకా నిలబడాలని రూలు పెట్టాను. కొట్టలేదు, తిట్టలేదు, నిలబెట్టానంతే. కొట్టనందుకు నాకు నేనే పెద్ద దయామయుడిలా కనబడ్డాను.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఎనిమిదేళ్లుంటాయి. తల్లిదండ్రులు బొంబాయి పక్క భీవండిలో సాంచాలు నడిపి తిరిగి వచ్చారు. నాన్న మా బడి ఎదురు షెడ్డులోనే పనికి కుదిరాడు. అమ్మ అదే షెడ్డులో కండెలు చుట్టేది. అంటే, సాంచాల్లోకి వేసే నూలును చిన్న చిన్న గొట్టాలకు చుట్టడం. ఇల్లు కూడా షెడ్డును ఆనుకునే. పిల్ల సన్నగా, బెదురు కళ్లతో ఉండేది.

చేరిన రెండో రోజే చాకు కార్డు ఆ పిల్ల వంతుకు వచ్చింది. "క్నైఫ్" అంది. తరగతంతా నవ్వింది. కార్డు పట్టుకుని నిలబడింది. మరునాడు దువ్వెన. "కోంబ్" అంది. నిలబడింది. ఆ మరునాడూ నిలబడింది. ఆ తరువాతి రోజు నుంచి ఆ పిల్ల నోటి నుంచి శబ్దం రావడం ఆగిపోయింది. లేపి నిలబెడితే కార్డు వంక చూసేది, పెదవులు కదిలేవి. అంతే.

పెదవులు కదలడం నేను చూడకపోలేదు. చూశాను, అక్కడే బోల్తా పడ్డాను. అందరూ కలిసి పాఠం అప్పజెప్పేటప్పుడు చదువు రాని పిల్లలు ఉత్తగా నోరు ఆడించడం ప్రతి పంతులుకూ తెలిసిన దొంగతనమే. ఇట్లాంటి దొంగల్ని ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు. ఈ పిల్లా అంతే అనుకున్నాను. నోట్సులో రాత గుండ్రంగా ఉండేది. చూసి రాయడం ఎవరికైనా వస్తుందని దాన్నీ కొట్టిపారేశాను. తెలుగు పాఠంలోనూ అంతే, లెక్కల్లోనూ అంతే. అనుభవం ఉన్నవాడు చేసే తప్పుకు మందు దొరకడం కష్టం.

విరామం ఇస్తే తోటి పిల్లలతో ఆడేది కాదు. వంట షెడ్డు దగ్గరికి వెళ్లి నిలబడేది. మధ్యాహ్న భోజనం వండే ఆమెకు యాభై దాటి ఉంటాయి. పిల్లలందరికీ పెద్దమ్మ. వంటకు రాకముందు ఇరవై ఏళ్లు షెడ్లలో కండెలు చుట్టిన మనిషి. ఆమె ఉల్లిగడ్డ కోస్తూ, ఈ పిల్ల గోడకు ఆనుకుని, ఎదురెదురుగా ఉండేవాళ్లు. ఒక్క మాట వినబడేది కాదు. పాపం, పెద్దమ్మకైనా జాలి కలిగింది అనుకునేవాణ్ని.

రెండు నెలలు గడిచాయి. చదువులో బాగా వెనకబడిన పిల్లల, వినికిడి లోపమో మాట లోపమో ఉన్న పిల్లల పేర్లు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. పేరు పంపితే పిల్లను శిబిరానికి పిలిచి పరీక్ష చేస్తారు. ఆ తరువాత ప్రత్యేక కేంద్రంలో కూర్చోబెడతారు, వచ్చే ఏడు మళ్లీ అదే తరగతి. నేను ఫారం నింపాను. 'మాట్లాడదు. చదవలేదు' అని రాశాను.

పెద్ద మేడం చదివి, "ఇంకొక్క వారం చూద్దామా సార్?" అంది.

"నా సర్వీసంత ఇదే పని మేడం. నేను చూసినంక ఇంక చూసేదేముంటది?" అన్నాను.

సంతకానికి ఆ పిల్ల నాన్నను పిలిపించాము. జుట్టు నిండా దూది పీచుతో, పనిలోంచి లేచి అట్లాగే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఇంట్ల మంచిగనే మాట్లాడుతది సార్. మేం చెప్పింది అన్నీ సమజైతది" అన్నాడు.

"అందరు తల్లిదండ్రులు గదే చెప్తరు" అన్నాను.

అతను ఫారం చేతిలోకి తీసుకున్నాడు. "ఒకసారి గిట్ల రాస్తే, రేపు మంచిగ చదివితే మళ్ల తీసేస్తరా సార్?"

తీసేస్తారని చెప్పాను. నిజానికి నాకు తెలియదు. నేను అప్పటిదాకా రాసిన ఏ మాటా ఎవరూ తీసేయగా చూడలేదు. అతను సంతకం పెట్టి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నమస్కారం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

శనివారం బడి అయ్యాక పెద్ద మేడం ఆ ఫారాలను మండల ఆఫీసులో ఇవ్వాలి. ఆ శనివారం భోజనాల గంటకు ముందు కరెంటు పోయింది. మూడు షెడ్ల సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి. ఆ వాడలో పట్టపగలు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పిల్లలు కూడా తెల్లబోయి చూస్తున్నారు. నాకెందుకో బుద్ధి పుట్టింది. మోతలో వినబడలేదేమో, చివరిసారి చూద్దాం, రేపు నా మనసుకు సమాధానం ఉంటుంది అనుకుని ఆ పిల్లను లేపాను. చాకు కార్డు చూపించాను.

పెదవులు కదిలాయి. శబ్దం లేదు. సూది పడితే వినబడే ఆ నిశ్శబ్దంలో ఏమీ లేదు. నా నిర్ణయం సరైనదే అని కార్డు దించుతుంటే తలుపు దగ్గర నుంచి మాట వచ్చింది. అన్నం అయిందని చెప్పడానికి పెద్దమ్మ వచ్చి నిలబడి ఉంది.

"చదివింది కద సార్."

"ఎవరు?"

"గా పొల్లనే. నైఫ్ అన్నది. మీరు చూడలేదా?"

"ఏం సప్పుడు రాలేదమ్మా."

"సప్పుడు లేదు. మాటైతే ఉన్నది" అంది కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకు ఇంగ్లిషు ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాను వెటకారంగా.

"నాకు తెలుగు అచ్చరమే రాదు సార్. రెండు నెల్ల సంది మీరు ఒర్రుతనే ఉన్నరు. కిటికీ పక్కకే నా పొయ్యి. ఇనక ఏం చెయ్యాలె? సాంచాల కాడ ఇరవై ఏండ్లు పెదవులు చూసే మాట్లాడిన. గీ పిల్ల మాట నాకు సాఫ్ తెలుస్తది."

నమ్మలేదు. అయినా చేతిలో కార్డులున్నాయి. పెద్దమ్మను పిల్లకు ఎదురుగా నిలబెట్టాను. నేను పెద్దమ్మ వెనక్కి వెళ్లి, పిల్లకు మాత్రమే కనబడేలా కార్డులు కలిపి ఒక్కొక్కటే ఎత్తాను. పిల్ల కార్డు చూసింది, పెదవులు కదిపింది. పెద్దమ్మ పిల్ల ముఖం చూసి పైకి అంది.

"నీ." మోకాలు. సరే.

"తమ్." బొటనవేలు. సరే.

"ల్యామ్... వాక్... లిసన్." గొర్రెపిల్ల, నడక, వినడం. నా చేతిలో కార్డులు వేగంగా మారాయి. ఒకచోట పిల్ల సిగ్గుపడి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే, "చెయ్యి తియ్యి బిడ్డ, నాకు కానొస్తలేదు" అంది పెద్దమ్మ. పిల్ల చెయ్యి తీసింది. "కోమ్" అంది పెద్దమ్మ. ఏ మాటకు రెండు నెలల కిందట ఆ పిల్లను గంట కొట్టేదాకా నిలబెట్టానో, అదే మాట, సరిగ్గా.

అయినా నా బుర్ర ఇంకా దొంగతనం వెతుకుతూనే ఉంది. రోజూ విన్న మాటలు కదా, ఈమె ఊహించి చెబుతోందేమో. కట్ట అడుగున ఇంకా చెప్పని కార్డు ఒకటి ఉంది. కత్తి. నేను ఆ బడిలో ఒక్కసారి కూడా పలకని మాట. అది ఎత్తాను. పిల్ల చాలాసేపు చూసింది. పెదవులు మెల్లగా ముందుకు వచ్చి గుండ్రంగా అయ్యాయి.

"కొత్తదున్నట్టుంది సార్, నేనెప్పుడు ఇనలే" అంది పెద్దమ్మ. "స్వార్డ్ అంటాంది."

తప్పు చదివింది. నేను ట్రైనింగులో చేసిన తప్పే చేసింది. ఆ తప్పుతో నాకు నూటికి నూరుపాళ్లు నమ్మకం కుదిరింది. ఆ పిల్ల నిజంగా చదువుతోంది. ఈ మనిషి ఆమెను నిజంగా వింటోంది. గదిలో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే, చెవిటివాణ్నీ నేనొక్కణ్నే. కార్డులు పక్కన పెట్టి బల్ల మీద కూర్చుండిపోయాను.

"మరి పైకెందుకు చదవవమ్మా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా, చిన్నగా వినబడింది.

పిల్ల నా వంక చూడలేదు. పెద్దమ్మ వంక చూసి పెదవులు కదిపింది. పెద్దమ్మ విని, అంటే చూసి, చెప్పింది.

"ఏది పలుకాలెనో ఏది పలుకద్దో తెల్వదంట సార్. తెల్వక ఒకటి పలికితే అందరు నవ్వుతున్నరంట. అందుకే అన్నీ లోపటనే పెట్టుకున్నదంట."

"ఇంట్ల మాట్లాడుతదని వాళ్ల నాయిన చెప్పిండు."

"అవ్ మరి. ఇంట్ల అందరు గిట్లనే మాట్లాడుకుంటరు. సాంచాల నడుమ ఒర్రితే ఎవలికి ఇనవడుతది? మీరు చదువుమన్నరు, ఆమె చదివింది. రోజు చదువుతనే ఉన్నది."

రోజూ చదువుతూనే ఉంది. నేను రోజూ చదవలేదని రాసుకుంటున్నాను.

పిల్లల్ని భోజనానికి పంపి పెద్ద మేడం గదికి పరుగెత్తాను. ఫారాలు కవరులో పెట్టి, పంపే రిజిస్టరులో నంబరు కూడా వేసేసింది. జరిగింది చెప్పాను. ఆమె నా ముఖం చూసి నీళ్ల సీసా ముందుకు జరిపింది. "నంబరు పడ్డది సార్. వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలె. ఏం రాయమంటరు?"

"నేనే రాస్త ఇటియ్యండి" అన్నాను.

రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా నా చేత్తో రాశాను. 'విద్యార్థిని చదువుతున్నది. ఉపాధ్యాయుడికి వినబడలేదు.' కింద సంతకం పెట్టాను.

ఆమె రెండుసార్లు చదివింది. "గీ మాట రికార్డుల ఉంటది సార్. మీకు రిటైర్మెంటు దగ్గర పడ్డది."

"ఉండనియ్యండి మేడం. ఆ పిల్ల రికార్డుల ఉండేకంటె నా రికార్డుల ఉంటేనే మంచిది."

ఆమె కవరులోంచి ఫారం తీసి నాకిచ్చింది. అంతకుముందు ఆమె వారం ఆగుదామంటే నేను ఆగలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. వయసులో చిన్నదైనా ఆమెకు నేను ఆ రోజే మనసులో దండం పెట్టుకున్నాను.

బడి వదిలే వేళకు కరెంటు వచ్చింది. జగిత్యాల బస్సు వదిలేసి ఎదురు షెడ్డులోకి వెళ్లాను. లోపల మోత చెవుల్లో కాదు, ఎముకల్లో తగులుతోంది. ఆ చివర పిల్ల నాన్న నన్ను చూసి కంగారుగా వచ్చాడు. అలవాటు కొద్దీ గొంతు పెంచబోయాను. అతను చెయ్యెత్తి, అక్కర్లేదన్నట్టు నా పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా అన్నాను. "పేరు తీసేసిన. నీ బిడ్డ చదువుతాంది. తప్పు నాది."

ఒక్కసారికే అందింది. అతను వెనక్కి తిరిగాడు. షెడ్డు అవతలి కొసన కండెలు చుట్టే రాట్నం దగ్గర అతని భార్య ఉంది. ఇద్దరి నడుమ పన్నెండు సాంచాలు ఆడుతున్నాయి. అతను పెదవులు కదిపాడు. ఆమె రాట్నం ఆపింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అట్లాగే వంగిపోయింది. అంత మోతలో, ఆ దూరం నుంచి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఆ కబురు ఆమెకు చేరింది. నేను కంటితడి ఆపుకోలేకపోయాను, ఆపుకోవాలనీ అనిపించలేదు.

సోమవారం నుంచి నిలబెట్టే రూలు తీసేశాను. ఉర్దూ పంతులు చెప్పినట్టు రెండుసార్లు నేను చదివేవాణ్ని, మూడోసారి వాళ్లు. తప్పు చదివితే మళ్లీ నేను. నవ్వినవాళ్లకు నా కత్తి కథ చెప్పాను. పంతులే తప్పు చదివాడని తెలిశాక పిల్లలు కడుపారా నవ్వుకున్నారు, ఆ తరువాత ఒకరి మీద ఒకరు నవ్వడం మానేశారు. అన్నం ఉడికే పది నిమిషాలు పెద్దమ్మను తరగతిలో కూర్చోబెట్టమని మేడంను అడిగాను. పిల్ల పెదవులు కదిపేది, పెద్దమ్మ పైకి చెప్పేది. పెద్దమ్మ తెలివి చూడండి, ఎవరూ చెప్పకుండానే రోజురోజుకూ తన గొంతు తగ్గిస్తూ వచ్చింది. మూడు వారాలకు గుసగుస మిగిలింది. ఒకరోజు ఆ గుసగుస పెద్దమ్మది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి పెద్దమ్మ నోరు మూసుకుని నవ్వుతోంది.

బీయీడీ చదివినవాళ్లను, ట్రైనింగులిచ్చే వాళ్లను చాలామందిని చూశాను. అంత ఓపికగా, అంత కొలతగా ఒక పిల్లను గట్టున పడేసినవాళ్లను చూడలేదు. ఆమెకు దక్కింది కూడా ఉంది. ఒకరోజు నూనె ప్యాకెట్ కోస్తూ దాని మీది అక్షరాల వంక తదేకంగా చూసి, "పామ్. నడుమ ఎల్లు సప్పుడు చెయ్యది. అంతేనా సార్?" అంది. అంతే అన్నాను. ఆ రోజు పప్పు కాస్త మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

మీకు నేను చెప్పగలిగేది కొంచెమే. పిల్ల చదవడం లేదని రాసేముందు, ఆ పిల్ల ఇంట్లో మాట ఎట్లా నడుస్తుందో ఒకసారి వెళ్లి చూడండి. వంట మనిషిని అడగండి. మీ గొంతు బాగుందని ఎవరైనా అంటే జాగ్రత్త పడండి.

రెండేళ్లకు నా రిటైర్మెంటు వచ్చింది. బడి ముందు షామియానా వేశారు, మైకు తెచ్చారు. నాకు మైకెందుకని అందరూ పరాచికాలాడారు. ఆ పిల్ల అప్పటికి ఐదో తరగతి. ముందు వరసలో కూర్చుంది. పక్కన తలంటుకుని, మంచి చీర కట్టుకుని పెద్దమ్మ. మేడం మాట్లాడింది, శాలువా కప్పారు, నా వంతు వచ్చింది. లేచి పిల్లల్ని చూశాను. చెప్పాల్సింది చాలా ఉంది. నోరు తెరిచాను. గొంతు రాలేదు.

కోరుట్లలో కిరాణా కొట్టు దాకా వినబడిన గొంతు, సాంచాలతో పోటీ పడ్డ గొంతు, మైకు ముందు పూర్తిగా పడిపోయింది. దగ్గాను, నీళ్లు తాగాను, లాభం లేదు. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో, ఇక చాలనుకుని, పెదవులు మాత్రం కదిపి చేతులు జోడించాను.

జనంలో ఎవరికీ అర్థం కాలేదు. ముందు వరసలో ఆ పిల్ల లేచి నిలబడి, వెనక్కి తిరిగి అందరికీ గట్టిగా చెప్పింది.

"సార్ పోయొస్త అంటుండు."